నాన్నకు కీహోల్ ఆపరేషన్ అన్నారు, ఐదు వారాలైనా కోలుకోలేదేం?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. ఖమ్మంలో టైలర్. కొన్ని నెలలుగా నీరసం, ఆయాసం అంటుంటే పరీక్షలు చేయించాం. హిమోగ్లోబిన్ 7.8 ఉంది. కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు కుడివైపు క్యాన్సర్ గడ్డ కనిపించింది. హైదరాబాద్‌లో కీహోల్ పద్ధతిలో ఆపరేషన్ చేశారు. ‘చిన్న రంధ్రాలే, వారంలో మామూలు మనిషి అవుతారు’ అన్నారు. ఐదో రోజు ఇంటికి పంపారు. ఏడో రోజు చలిజ్వరం, పొట్ట ఉబ్బరం, ఎక్కిళ్లు. మళ్లీ తీసుకెళ్తే పేగు అతికిన చోట లీకైందని చెప్పి, స్కానింగ్‌లో చూస్తూ పొట్టలోకి ట్యూబు వేసి చీము తీశారు. ఇప్పటికి ఆపరేషన్ అయి ఐదు వారాలు. రోజుకు ఐదారుసార్లు విరేచనాలు. బరువు 62 కిలోల నుంచి 54కి పడిపోయింది. బొడ్డు దగ్గర కుట్ల కింద గట్టిగా చేతికి తగులుతోంది. చీము పడుతుందని మా మేనత్త పప్పు, గుడ్డు, పెరుగు ముట్టనివ్వడం లేదు. రిపోర్టులో టీ3 అని రాశారు, 18 గ్రంథులు చూస్తే రెండింటిలో క్యాన్సర్ ఉందట. కీమో మొదలుపెట్టాలంటున్నారు. ఈ ఒంటితో తట్టుకుంటారా? ఇదంతా ఆసుపత్రి వాళ్ల తప్పేనా? రంధ్రాల్లోంచి క్యాన్సర్ పాకుతుందని ఒకాయన అన్నారు, నిజమేనా? ఇంకోటి, నాన్నకు క్యాన్సర్ అని చెప్పలేదు, పేగులో గడ్డ అని మాత్రం చెప్పాం. ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. రోజంతా మంచం మీదే.
– ఒక కూతురు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ నాన్నగారు కోలుకోవడం ఆలస్యమైంది, అంతేగానీ దారి తప్పలేదు. అతుకు లీకైన వాళ్లలో చాలామందికి మళ్లీ పొట్ట తెరవాల్సి వస్తుంది. కొందరికి పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టాల్సి వస్తుంది. ఆయనకు ఒక ట్యూబుతో గండం గడిచింది. జ్వరం లేదు, తింటున్నారు, మోషన్ అవుతోంది. ఇంత జరిగాక ఐదో వారంలో ఇది ఫరవాలేదనిపించే స్థితే. ఇప్పుడు మీ ముందున్న పని ఒకటే: వచ్చే మూడు వారాల్లో ఆయన్ని కీమోకు సిద్ధం చేయడం. తిండి, విరేచనాలు, నడక, ఆయనతో మాట్లాడటం అన్నీ ఆ పని కిందికే వస్తాయి. అందుకే మీ ప్రశ్నలను మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు ముఖ్యమనిపించిన వరుసలో తీసుకుంటున్నాను.

ముందు ఈ ‘చిన్న రంధ్రాల’ సంగతి. బయట కనిపించేవి అర సెంటీమీటరు, సెంటీమీటరు గాట్లే. కానీ లోపల చేసిన పని చూడండి. పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, చిన్నపేగు చివర కొంత, అపెండిక్స్, కుడివైపు పెద్దపేగు మొత్తం, వాటికి రక్తం తెచ్చే నాళాలు, ఆ నాళాల వెంట ఉన్న లింఫ్ గ్రంథులు అన్నీ విడదీసి తీసేస్తారు. బొడ్డు దగ్గర గాటును ఐదారు సెంటీమీటర్లకు పెంచి ఆ ముక్కను బయటకు తీస్తారు. తర్వాత చిన్నపేగు కొసను మిగిలిన పెద్దపేగుకు స్టేప్లర్‌తోనో దారంతోనో అతుకుతారు. పాత పద్ధతిలో పొట్ట నిలువునా కోసి చేసినా లోపల జరిగేది ఇదే. కీహోల్ వల్ల నొప్పి తగ్గుతుంది, రక్తం తక్కువ పోతుంది, పేగు కదలిక తొందరగా మొదలవుతుంది, గాయంలో చీము పట్టడం తగ్గుతుంది, ఇంటికి రెండు మూడు రోజులు ముందే వెళ్లొచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే లోపలి అతుకు మానడానికి పట్టే సమయం మాత్రం ఏ పద్ధతిలోనైనా మారదు. లీకయ్యే ప్రమాదం కూడా రెండు పద్ధతుల్లో దాదాపు సమానమే.

‘వారంలో మామూలు మనిషి’ అనే మాట మా సర్జన్ల నోట మరీ సులువుగా వస్తుంది. భయపడుతున్న మనిషికి ధైర్యం చెప్పాలని అంటారు, కాదనను. కానీ ఏ ఇబ్బందీ రాకపోయినా ఈ ఆపరేషన్ తర్వాత ఒంట్లో సత్తువ వచ్చేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లీకు, చీము, రెండోసారి ఆసుపత్రి కూడా తోడైతే మూడు నెలలు అనుకోండి. మీ నాన్నగారిని వారం లెక్కతో చూస్తే రోగిలా కనిపిస్తారు. మూడు నెలల లెక్కతో చూస్తే సగం దారిలోకి కూడా రాని మనిషి, అంతే.

లీకు ఎందుకైంది? పెద్దపేగు ఆపరేషన్లలో వందకు ఇద్దరు నుంచి ఎనిమిది మంది దాకా ఇది వస్తుంది. మంచి సర్జన్ చేతిలోనూ వస్తుంది. అతుకు మానాలంటే ఆ రెండు కొసలకూ రక్తం బాగా అందాలి, లాగుడు ఉండకూడదు, ఒంట్లో ప్రొటీన్ ఉండాలి. హిమోగ్లోబిన్ 7.8తో, నెలల తరబడి నీరసంతో వచ్చిన మనిషికి ఆ మానే శక్తి ముందే తగ్గి ఉంటుంది. బీడీ, సిగరెట్, అదుపులో లేని షుగర్ ఉంటే ఇంకా తగ్గుతుంది. మీ నాన్నగారికి చెబితే చప్పున అర్థమవుతుంది: గుడ్డ చీకిపోయి ఉంటే కుట్టు ఎంత బాగా వేసినా నిలవదు.

కాబట్టి తప్పు జరిగిందా లేదా అని తేల్చుకోవాలంటే ‘లీకు ఎందుకైంది’ అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. లీకైనప్పుడు ఎంత తొందరగా పట్టుకున్నారు, ఏం చేశారు అన్నది చూడాలి. ఐదో రోజు ఇంటికి పంపడం దానికదే తప్పు కాదు, ఇప్పుడు చాలాచోట్ల అలాగే పంపుతున్నారు. కానీ పంపేముందు పల్స్, జ్వరం చూశారా, మూడో నాలుగో రోజు ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో తెలిపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష చేశారా (అది 150 లోపు ఉండి తగ్గుతూ ఉంటే కొంత ధీమా), ఏ లక్షణాలు వస్తే వెంటనే రావాలో తెలుగులో రాసిచ్చారా, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఇచ్చారా? ఇవి అడగాల్సిన ప్రశ్నలు. మీరు వెళ్లగానే స్కాన్ తీసి ట్యూబు వేశారంటే ఆ భాగం వాళ్లు సరిగానే చేశారు. ఏది ఏమైనా డిశ్చార్జి సమ్మరీలు రెండూ, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, సీటీ సీడీ తీసుకుని ఒక ఫైల్లో పెట్టుకోండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. పోట్లాటకు కాకపోయినా కీమో ఇచ్చే డాక్టరుకు అవన్నీ కావాలి.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం కూడా కొంచెం చెప్పాలి. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి పెడితే గుండెపోటేమోనని కంగారుపడతారు. లోపల మిగిలిన గ్యాస్ డయాఫ్రం పొరను రేపడం వల్ల ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది, నడుస్తుంటే పోతుంది. అలాంటివి లెక్కలోవి కావు. లెక్కలోకి తీసుకోవాల్సింది దిశ. ఈ ఆపరేషన్ తర్వాత ప్రతి రోజూ నిన్నటికంటే కొంచెం మేలుగా ఉండాలి. నిన్న లేచి బాత్రూముకు వెళ్లిన మనిషి ఇవాళ లేవనంటే, నిన్న తిన్న ఇడ్లీ ఇవాళ చూస్తేనే వికారమంటే, పొట్ట బిగుసుకుంటే, గ్యాస్ కిందికి పోవడం ఆగిపోతే, ఆగకుండా ఎక్కిళ్లు వస్తుంటే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. లీకు ఎక్కువగా ఐదు నుంచి ఎనిమిదో రోజు మధ్య బయటపడుతుంది. జ్వరం కంటే ముందు పల్స్ పెరుగుతుంది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ నిమిషంపాటు లెక్కపెట్టండి. కదలకుండా పడుకున్న మనిషికి వంద దాటి అలాగే ఉంటే అది ‘నీరసం వల్లే’ అని సర్దుకోవద్దు. మీ నాన్నగారికి ఐదో వారంలో కొత్తగా లీకు రావడం అరుదు, కానీ ట్యూబు తీసేశాక చీము మళ్లీ చేరడం ఉంటుంది. 101 డిగ్రీల జ్వరమో, చలితో వణుకో వస్తే కీమో అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా సర్జన్ దగ్గరికి వెళ్లండి. మధ్యలో మెడికల్ షాపులో యాంటీబయాటిక్, నొప్పి మాత్ర కొనివ్వకండి, అవి లక్షణాలను కప్పేస్తాయి.

బొడ్డు దగ్గర గట్టిగా తగిలేది చాలావరకు మానుతున్న కణజాలమే. పెంచిన గాటు అక్కడే కదా, లోపల పొరపొరగా కుట్లు ఉంటాయి. తాడులా గట్టిగా తగిలి కొన్ని నెలల్లో మెత్తబడుతుంది. ఆయన్ని నిలబెట్టి దగ్గమనండి. దగ్గినప్పుడు ఉబ్బెత్తుగా పైకి లేచి, పడుకుంటే లోపలికి పోతుంటే హెర్నియా కావచ్చు. అప్పుడు సర్జన్‌కు చూపించాలి, కానీ పరిగెత్తాల్సిన పనిలేదు. ఆ ఉబ్బు లోపలికి పోకుండా రాయిలా అయి నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం అదే రోజు ఆసుపత్రికి. ఎర్రగా, వేడిగా ఉండి రసి కారుతుంటే గాయం లోపల ఇన్‌ఫెక్షన్.

రంధ్రాల్లోంచి క్యాన్సర్ పాకుతుందన్న మాట గాలికి పుట్టింది కాదు. 1990లలో కీహోల్ పద్ధతి కొత్తగా వచ్చినప్పుడు కొందరిలో గాట్ల దగ్గర క్యాన్సర్ తిరగబెట్టినట్టు రిపోర్టులు వచ్చి, ప్రపంచమంతా సర్జన్లు వెనక్కి తగ్గారు. తర్వాత అమెరికాలో 872 మందిని రెండు గుంపులు చేసి పోల్చి 2004లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది కీహోల్ వాళ్లలో 16 శాతం మందికి, పెద్ద కోత వాళ్లలో 18 శాతం మందికి. అంటే తేడా లేనట్టే. గాటు దగ్గర రావడం రెండింట్లోనూ ఒక శాతం లోపే. ఇప్పుడు ఆ ముక్కను ప్లాస్టిక్ తొడుగు వేసిన గాటు గుండా తీస్తారు కాబట్టి ఆ భయం ఇంకా తగ్గింది. ఆ పెద్దమనిషి చెప్పింది పాతికేళ్ల కిందటి భయం. దాన్ని వదిలేయండి.

ఇక పథ్యం. ఇక్కడ మీ మేనత్తగారితో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. తమ్ముడి మీద ప్రేమతోనే చేస్తున్నారు, మన ఊళ్లలో ఆపరేషన్ అంటే పప్పు బంద్, గుడ్డు బంద్ అనడం తరాలుగా ఉంది. కానీ చీము పప్పు వల్ల పట్టదు, సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. ఆ క్రిములతో పోరాడే కణాలు, గాయాన్ని పూడ్చే కండ తయారయ్యేది ప్రొటీన్‌తోనే. ఐదు వారాల్లో ఎనిమిది కిలోలు తగ్గారంటే అందులో కొవ్వు ఎంతో తెలియదు గానీ కండ చాలానే పోయింది. చారన్నం, బ్రెడ్డు పెట్టి ఆయన్ని కీమోకు పంపడమంటే జీతం ఇవ్వకుండా పని చేయమన్నట్టే.

54 కిలోల మనిషికి, కిడ్నీలు బాగుంటే, రోజుకు 65 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. అది మన వంటింట్లో ఇలా వస్తుంది. గుడ్డుకు ఆరు గ్రాములు, మూడు గుడ్లంటే 18. చిన్న గిన్నెడు పెసరపప్పు మెత్తగా ఉడికించి రెండు పూటలా పెడితే 14. గిన్నెడు పెరుగుకు ఆరేడు, గ్లాసు పాలకు ఆరు. వంద గ్రాముల చేపో చికెనో 20 పైనే. అన్నం, ఇడ్లీల నుంచి మరో పది. లెక్క సరిపోయింది కదా! తినేవాళ్లయితే చేప మంచిది, మెత్తగా ఉంటుంది. ఒక్కసారిగా కంచం నిండా పెడితే చూసి దండం పెడతారు. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. పాలు పడక విరేచనాలు పెరుగుతున్నాయనిపిస్తే పాలు ఆపి పెరుగు ఉంచండి.

మీ మేనత్తగారు ఒక విషయంలో మాత్రం పూర్తిగా తప్పు కాదు. ఏదైనా తినొచ్చని నేను అనడం లేదు. మొదటి ఆరు వారాలు పీచు ఎక్కువున్నవి అతుకు దగ్గర ఇరుక్కోవచ్చు: మునగకాడ, గోరుచిక్కుడు, మొక్కజొన్న, పనస, గింజల జామ, పచ్చి ఉల్లిపాయ. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, క్యారెట్ మెత్తగా ఉడికించి పెట్టండి. ఆవకాయ విరేచనాలు తగ్గేదాకా ఆగాలి. ఆరు వారాలు దాటాక ఒక్కో పదార్థం రెండు మూడు రోజులకోసారి కలుపుతూ పోతే ఏది పడుతుందో ఏది పడదో ఆయనకే తెలుస్తుంది. పథ్యం ఏర్పాటు మొత్తం ఆవిడకే అప్పగించండి, కాకపోతే ఈ లెక్క కాగితం మీద రాసి ఇవ్వండి. ‘డాక్టరు రాసిచ్చాడు’ అంటే వినే పెద్దవాళ్లు చాలామందే.

విరేచనాలకు రెండు మూడు కారణాలు ఉండొచ్చు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట తలుపులాంటి కవాటం ఒకటి ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో అది పోతుంది. పైగా పైత్యరసాన్ని తిరిగి పీల్చుకునే చిన్నపేగు చివరి భాగం కూడా కొంత పోతుంది. అందుకే మోషన్ పలచగా, తొందరగా, ముఖ్యంగా తిన్న వెంటనే వస్తుంది. చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో రోజుకు రెండు మూడుకు వస్తుంది. రాకపోతే పైత్యరసాన్ని పట్టేసే కొలెస్టిరమిన్ పొడి బాగా పనిచేస్తుంది. మిగతా మాత్రలు దానికి గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలి, లేకపోతే వాటినీ పట్టేస్తుంది.

కానీ మీ నాన్నగారి విషయంలో ముందు చేయాల్సింది మలపరీక్ష. చీము కోసం గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి ఉంటారు. వాటి తర్వాత క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి పేగులో పెరిగి విరేచనాలు తెప్పిస్తుంది. దానికి మందు వేరే. అది కాదని తేలకముందే విరేచనాలు ఆపే లోపెరమైడ్ బిళ్లలు వేస్తే ప్రమాదం. ఈ పరీక్ష ఈ వారమే చేయించండి, ఎందుకంటే కీమో మాత్రలు కూడా విరేచనాలు తెప్పిస్తాయి. ఇవి సర్దుకోకముందే అవి మొదలైతే ఏది దేనివల్లో తెలియక తికమక. ఈలోపు మజ్జిగలో ఉప్పు, ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉండండి. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇచ్చి ఉంటే మోషన్ నల్లగా వస్తుంది, భయపడకండి. ఆ మాత్రలు పొట్టకు పడకపోతే ఐరన్ సెలైన్ ద్వారా ఎక్కించొచ్చు, కీమోకు ముందు అదే మేలని డాక్టరు అనొచ్చు. ఎప్పుడో ఒకసారి బీ12 కూడా చూపించండి.

రోజంతా మంచం మీదే ఉండటం నాకు విరేచనాల కంటే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. క్యాన్సర్, పెద్ద ఆపరేషన్, పడక మూడూ కలిస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. అందుకే పొట్ట మీద చర్మంలోకి రోజూ ఒక ఇంజెక్షన్ చొప్పున నాలుగు వారాలు రాస్తారు. మీవాళ్లు ఇంటికొచ్చాక ఆపేశారా, పూర్తిచేశారా అన్నది డాక్టరుకు నిజం చెప్పండి. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. మందు కాకుండా ఉన్న ఉపాయం నడకే. వరండాలో ఐదు నిమిషాలు, రోజుకు ఐదారుసార్లు. వారంలో వీధి చివరిదాకా. నడకకు ఇంకో లెక్క కూడా ఉంది: మెలకువగా ఉన్న సమయంలో సగానికి మించి మంచం మీదే గడిపే మనిషికి కీమో ఇవ్వడానికి ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) వెనకాడతారు. అపాయింట్‌మెంట్ రోజు ఆయన వీల్‌చెయిర్‌లో కాకుండా తన కాళ్ల మీద గదిలోకి నడిచి వెళ్తే డాక్టరు నిర్ణయమే మారొచ్చు.

కుట్టు మిషన్ దగ్గర అరగంట కూర్చోవడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, నొప్పి లేకపోతే. తొక్కే మిషన్ అయినా ఇబ్బంది లేదు. బట్టల తానులు, నీళ్ల బిందె, గ్యాస్ బండ మాత్రం ఇంకో నెల ఎత్తకూడదు.

కీమో తట్టుకుంటారా అన్నారు. రెండు గ్రంథుల్లో ఉందంటే మూడో దశ. అది ఆపరేషన్‌తో కనిపించినంత మేర పోయింది, కానీ రక్తంలో కంటికి కనిపించని కణాలు ఉండి ఉండొచ్చు. కీమో వాటికోసం. ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల లోపు మొదలైతే మంచిది. కొన్ని రోజులు దాటితే పనికిరాకుండా పోదు, కానీ ‘పూర్తిగా కోలుకున్నాక చూద్దాం’ అని మూడు నెలలు ఆగితే దాని లాభం చాలావరకు పోతుంది. లీకు వల్ల జరిగే అసలు నష్టం ఈ ఆలస్యమే. టీ3 (గడ్డ పేగు గోడలోని కండరాన్ని దాటిందని అర్థం), రెండే గ్రంథులు అంటే మూడో దశలో కాస్త తేలికైన రకం. అలాంటివాళ్లకు ఆరు నెలలకు బదులు మూడు నెలల కీమో దాదాపు అంతే పనిచేస్తుందని 2018లో ఆరు అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. 21 రోజులకోసారి సెలైన్‌లో ఆక్సాలిప్లాటిన్, రెండు వారాలు ఇంట్లో క్యాపెసిటబిన్ మాత్రలు, ఇలా నాలుగు విడతలు. మీ డాక్టరు ఇదే చెబుతారని నేను అనలేను, కానీ ‘మూడు నెలలు చాలదా’ అని అడగడం మీ హక్కు.

ఈ ప్రశ్న మీ ఇంట్లో ఇంకా ముఖ్యం, ఎందుకో చెబుతాను. ఆక్సాలిప్లాటిన్ వల్ల వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. చల్లటి నీళ్లు తాకితే షాక్ కొట్టినట్టు ఉంటుంది. ఆరు నెలలు తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ తిమ్మిరి ఇబ్బంది పెట్టే స్థాయిలో వచ్చింది, మూడు నెలల వాళ్లలో ఏడుగురిలో ఒకరికి. సూదిలో దారం ఎక్కించి, కాజాలు కుట్టి బతికే మనిషికి వేళ్లే జీవనాధారం. ఆయన టైలర్ అని ఆంకాలజిస్టుకు మొదటి మాటగా చెప్పండి. ప్రతి విడతకు ముందు చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, సూది పట్టుకుంటే తెలుస్తోందా అని చూసి చెప్పండి. దాన్నిబట్టి డోసు తగ్గిస్తారు లేదా ఆ మందు ఒక్కటే ఆపేస్తారు.

అది చెప్పాల్సింది ఆయన. చెప్పాలంటే తనకేం ఇస్తున్నారో తెలియాలి. అందుకే ఇప్పుడు మీరు చివర్లో రాసిన సంగతికి వస్తున్నాను.

క్యాన్సర్ అని చెప్పకపోవడం మన ఇళ్లలో కొత్త కాదు. తట్టుకోలేరని, గుండె ఆగిపోతుందని భయం. కానీ ఆలోచించండి. రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నారు. వార్డు బయట బోర్డు చదివే ఉంటారు. పక్క మంచాల వాళ్లతో మాట్లాడే ఉంటారు. తాను రాగానే ఇంట్లోవాళ్లు మాటలు ఆపేయడం చూస్తున్నారు. నా అనుభవంలో ఇలాంటి మనుషుల్లో ఎక్కువమందికి తెలిసే ఉంటుంది. మీరు బాధపడతారని వాళ్లు అడగరు, వాళ్లు బాధపడతారని మీరు చెప్పరు. ఆ మౌనం మీరు అనుకుంటున్న నీరసం కాకపోవచ్చు.

ఎలా చెప్పాలి? అందరూ చుట్టూ కూర్చుని ఏడుస్తూ కాదు. ఆయనకు దగ్గరగా ఉండే ఒక్కరు, బహుశా మీరే, ముందు ఆయన్ని అడగండి: ‘నాన్నా, నీకు ఏమైందని అనుకుంటున్నావు?’ ఆయన చెప్పేది వినండి. తర్వాత ‘డాక్టర్ ఏం చెప్పారో పూర్తిగా తెలుసుకోవాలని ఉందా, నన్నే చూసుకోమంటావా?’ అని అడగండి. కొందరు నిజంగానే ‘నువ్వే చూసుకో’ అంటారు, అదీ సరే. తెలుసుకుంటానంటే ఆంకాలజిస్టు దగ్గర కూర్చోబెట్టి ఆయనతోనే మాట్లాడించండి. పేరు చెప్పడంతోపాటు చేసిన పనీ చెప్పాలి: గడ్డ తీసేశారు, ఇప్పుడు ఉన్నట్టు కనిపించడం లేదు, తిరిగి రాకుండా కొన్ని నెలల మందు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కీమో అంగీకార పత్రం మీద సంతకం ఎలాగూ ఆయనే పెట్టాలి. దానిమీద ఏముందో సంతకం పెట్టేరోజు తెలియడం కంటే ఇదే నయం.

చెప్పాక కూడా రెండు వారాలకు మించి తిండి, నిద్ర, మాట దేనిమీదా ఆసక్తి లేకపోతే అది కుంగుబాటు కావచ్చు, మందులతో తగ్గేదే. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, కీమో కూడా అందులో ఉంది. ఆపరేషన్ ఒకచోట, కీమో ఇంకోచోట చేయించుకునే పనైతే రెండోచోట కూడా పథకం వర్తిస్తుందేమో ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. కీమో అయ్యాక మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష, ఆరు నెలలకో ఏడాదికో సీటీ స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ ఉంటాయి. అప్పుడు నడక ఆపనివ్వకండి. కీమో పూర్తిచేసిన పెద్దపేగు క్యాన్సర్ రోగులు 889 మందిపై చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. మూడేళ్లపాటు శిక్షకుడి సాయంతో వ్యాయామం చేసినవాళ్లలో ఐదేళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవారు 80 శాతం, ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో 74 శాతం.

చివరిగా మీ గురించి. తండ్రికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన పిల్లలు 40 ఏళ్లు నిండేసరికి కొలనోస్కోపీ చేయించుకోవాలి. మీకూ, మీ తోబుట్టువులకూ ఇది వర్తిస్తుంది. 40 దాటిపోయింది కాబట్టి మీ మేనత్తగారు ఇప్పుడే చేయించుకోవాలి. అయితే అంతకుముందు బయాప్సీ రిపోర్టులో ఎంఎంఆర్ (కణాల్లో డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ఏర్పాటు సరిగా ఉందా అని చూసేది) అనే పరీక్ష ఫలితం ఉందో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రిలో దాచిన అదే ముక్క మీద చేయమని అడగండి. అందులో లోపం ఉందని వస్తే అది వంశపారంపర్యంగా వచ్చిందో కాదో తేల్చడానికి జన్యుపరీక్ష చేస్తారు. వంశంలోనే ఉందని తేలితే మీరెవరూ 40 దాకా ఆగకూడదు.